ఇనుప కొండకు మోసుకెళ్ళిన రాళ్ళు

మూట

అనకాపల్లి వాళ్ళు దూరం వెళ్ళారంటే కాశీకైనా వెళ్ళి ఉండాలి, కూలికి ఓడెక్కి రంగానికైనా వెళ్ళి ఉండాలి. యుద్ధం వచ్చి రంగం దారి మూసేసింది. కాశీకి వెళ్ళే వయసు నాకింకా రాలేదు. నేను వెళ్ళింది మయూర్‌భంజ్ సంస్థానానికి, ఇనుపరాయి తవ్వే కొండలు చూడ్డానికి. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ కనబడినవాళ్ళంతా "అక్కడ ఏ దేవుడున్నాడు మేష్టారూ?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పుకోలేక ఇది రాస్తున్నాను.

నేను హైస్కూల్లో జాగ్రఫీ చెప్తాను. పన్నెండేళ్ళుగా గోడకి ఇండియా మ్యాపు తగిలించి, బెత్తం కొసతో సింగ్‌భూమ్, మయూర్‌భంజ్, కియోంఝర్ అని చూపిస్తూ "ఇచ్చట ఇనుప ఖనిజము విస్తారముగా లభించును" అని పిల్లలచేత వల్లె వేయిస్తున్నాను. బెత్తం తగిలీ తగిలీ ఆ చోట కాగితం చిరిగి వెనక గుడ్డ కనిపిస్తోంది. ఆ ఖనిజం ఎర్రగా ఉంటుందో నల్లగా ఉంటుందో మాత్రం నేను చూసిన పాపాన పోలేదు.

అలాంటివాణ్ణి పోయిన మాఘమాసంలో ఒక ఘనకార్యం చేశాను. మా అక్క నూకాలుని చీడికాడ దగ్గర ఒక పల్లెకి ఇచ్చాం. బావ అప్పలనాయుడు చెరుకు రైతు. కాలవ కింద రెండెకరాల మడి, ఒక గానుగ, బెల్లం వండుకునే పాక, ఇదీ వాళ్ళ ఆస్తి. ఆ పల్లె వెనక కొండవాలులో చిలకమ్మ అనే ముసలావిడకి కొంత మెట్టభూమి ఉంది. సామలూ కందులూ పండించుకుంటుంది. అక్కడ నాగలి పెట్టినప్పుడల్లా నల్లటి రాళ్ళు పైకి లేస్తాయి. చేత్తో తీస్తే మామూలు రాయి కంటే బరువు. బావ ఒక రాయి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నేను బళ్ళో ఉన్న అయస్కాంతం తెప్పించి దానికి ఆనించాను. టక్కున అతుక్కుంది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు విని నేను పొంగిపోయి, "బావా, సందేహం లేదు, ఇది ఇనుప ఖనిజమే" అనేశాను.

ఆ మాట బావ తలకెక్కింది. యుద్ధం రోజుల్లో బెల్లం పెనానికి చిల్లు పడితే అతుకు వెయ్యడానికి అరచేతి వెడల్పు రేకు దొరక్క ఆయన ఊళ్ళన్నీ తిరిగాడు. అలాంటిది కొండంత ఇనుము ఇంటి వెనకే ఉందంటే ఎవరికి నిద్ర పడుతుంది? మడి అమ్మేసి చిలకమ్మ మెట్ట కొంటానన్నాడు. మడి కొనడానికి ఒక ఆసామీ కూడా తయారయ్యాడు. ఏరువాక పున్నమి వెళ్ళగానే రిజిస్ట్రీ అనుకున్నారు.

బేరం మాట్లాడ్డానికి బావతో నేనూ వెళ్ళాను. చిలకమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి, "కొనుక్కుంటే కొనుక్కోండి గానీ ఆ రాళ్ళలో ఏటీ నేదు బాబూ. మా పెద్దోళ్ళు ఎప్పుడో తీసేసుకున్నారు" అంది. నేను నవ్వాను. "అయస్కాంతం పట్టుకుంది కదమ్మా" అన్నాను. ఆవిడ సామలు చెరుగుకోవడం మొదలెట్టింది.

ఊరుకోనిది మా అక్క. వేసవి సెలవులివ్వగానే నన్ను పిలిపించింది. "తమ్ముడూ, అది ఇనుమని సెప్పింది నువ్వు. మీ బావ నా మాట ఇనడు, నీ మాటే ఇంటాడు. ఇనుం తవ్వే సోటికి ఆ రాళ్ళట్టుకుని మీరిద్దరూ ఎల్లండి. నిజమైతే మడి అమ్ముకోనీ, నాకేటీ బాధ నేదు. కాదంటే మాత్రం ఆ కాదన్న మాట నీ నోటితోనే సెప్పాలి" అంది.

అలా బయల్దేరాం. నేనూ, బావా, గోనెమూటలో నాలుగు రాళ్ళు.

వాల్తేరు దాటాక

వాల్తేరులో బండి మారాం. పెట్టెనిండా బ్యాడ్జీలు తీసేసిన మిలిటరీ యూనిఫారాల్లో ఇళ్ళకి పోతున్న సిపాయిలు. కూర్చోడానికి చోటు దొరక్క బావ మూటని కింద పెట్టి దానిమీదే కూలబడ్డాడు. పలాసలో ఒక పెద్దావిడ ఎక్కింది. మాటల్లో మాది అనకాపల్లి అని తెలియగానే ఆవిడ చూపు మూట మీద పడింది. "బాబూ, ఓ దిమ్మ ఇద్దురూ, మా మనవరాలికి. ఊరికే వొద్దు, డబ్బులిత్తాను" అని బతిమాలింది. బెల్లం కాదమ్మా అంటే నమ్మలేదు. అనకాపల్లి వాడి మూటలో బెల్లం కాక ఇంకేం ఉంటుంది? బావ విసిగి మూతి విప్పి ఒక రాయి చూపించాడు. ఆవిడ రాయినీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, కాస్త ఎడంగా జరిగి కూర్చుంది. దిగిపోయేముందు మాత్రం జాలిపడి చెరో గుప్పెడు జీడిపప్పు పెట్టింది.

చిలికా సరస్సు పక్కన బండి చాలాసేపు నడుస్తుంది. అంత నీళ్ళు చూసి బావ "ఇందులో పాతికోవంతు మా కాలవకిత్తే ఎంత బాగుండు" అన్నాడు. ఖుర్దారోడ్డులో ఒక ఒరియా ఆసామీ ఇత్తడి గిన్నెలో నీళ్ళన్నం తింటూ మమ్మల్నీ తినమన్నాడు. పఖాళ అన్నాడు. నోట్లో పెట్టుకుంటే మన చద్దన్నమే. మనం ఉల్లిపాయ కొరుక్కుంటాం, వాళ్ళు వేయించిన వడియాలు నలుపుకుంటారు. మన దగ్గర చద్దన్నం తిన్నానని చెప్పుకోడానికి కొందరు నామోషీ పడతారు. ఆయన తెల్ల చొక్కా, జేబులో కలం, గుమాస్తాగిరీ. అందరి మధ్యా దర్జాగా తిన్నాడు. నాకది నచ్చింది.

ఖరగ్‌పూర్

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఎంత పొడుగంటే, ఈ కొసన దిగి ఆ కొసకి నడిచేసరికి తిన్నది అరిగిపోతుంది. దిగగానే నాకు వినిపించిన మొదటి మాట "ఓలమ్మో, నా కాలు తొక్కేసినావు!" పరదేశం వచ్చామనుకుంటే మా తాలూకాలోనే ఉన్నట్టుంది. రైల్వే పనికి వచ్చిన మన జిల్లా వాళ్ళు అక్కడ వీధులకి వీధులు కాపురం ఉంటున్నారు.

స్టేషను బయట శ్రీకాకుళం నుంచి వచ్చిన గవరమ్మ అనే ఆవిడ ఇడ్డెన్లు అమ్ముతోంది. అణాకి రెండు. చట్నీలో కొబ్బరి తక్కువ, శనగపప్పు ఎక్కువ. అదేమంటే "కొబ్బరికాయ ధర అడగండి, తరవాత నన్ను తిట్టండి" అంది. యుద్ధం మధ్యలో ఆ ప్రాంతానికి వచ్చిన కరువేడు సంగతి నేనే కదిపాను. ఆవిడ ఇడ్డెన్ల పాత్ర మూత పెట్టింది. "ఆ ఏడు ఈ ప్లాటుఫారమ్మీద మనుషుల్ని దాటుకుంటూ నడిసేవోళ్ళం బాబూ. గంజి కాసి పోసేను. ఎంతమందికని పోత్తాను?" అంది. మళ్ళీ మూత తీసి బావ ఆకులో అడక్కుండానే ఇంకో ఇడ్డెను వేసింది.

మూటలో ఏముందో చెప్తే పగలబడి నవ్వింది. "సముద్రానికి ఉప్పట్టుకెల్తన్నారేటి? ఆ కొండల్లో ఉన్నది సాలదా?" అంది. బావకి కోపం వచ్చింది. నాకైతే కాస్త గుబులేసింది. ఎందుకంటే అంతవరకూ బావ ఒక్కసారి కూడా "కాకపోతే?" అనలేదు. కాకపోతే ఏమవుతుందో రైల్లో లెక్క వేసుకుంటున్నది నేనొక్కణ్ణే. నా మాట మీద మడి పోతే అక్క మొహం ఎలా చూస్తాను?

కాలీమట్టి

ఉక్కు కార్ఖానా ఉన్న ఊరికి ఇప్పుడు కొత్త పేరుంది గానీ పాతకాలం కూలీలు ఇంకా కాలీమట్టి అనే అంటారు. అక్కడ మాకు ఆశ్రయం ఇచ్చింది ఎలమంచిలి నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళుగా పనిచేస్తున్న పైడయ్య. బావకి దూరపు చుట్టం. కార్ఖానా కూత కూస్తే ఆ ఊరు నిద్ర లేస్తుంది, కూత కూస్తే భోంచేస్తుంది. పైడయ్య ఇంట్లో గడియారమే లేదు.

సందెవేళ మమ్మల్ని ఊరి చివర దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళాడు. రైలు పట్టాల మీద పెద్ద పెద్ద ఇనప గంగాళాలు వచ్చి ఆగాయి. ఒక్కొక్కటే ఒరిగి, నిప్పు రంగు ద్రవం దిబ్బ మీంచి జారి కిందికి పారింది. ఆకాశం సగం ఎర్రబడింది. బావ నోరు తెరిచి "అంత ఇనుం పారబోసేత్తన్నారేటి?" అన్నాడు.

"అది ఇనుం కాదు బావా. చిట్టెం" అన్నాడు పైడయ్య. "రాయి కరిగినాక ఇనుం బరువు కదా, అడుక్కి దిగిపోద్ది. పనికిరానిదంతా పైన తేల్తాది. బెల్లం పెనం మీద మడ్డి తీసి పారెయ్యవేటి? అలాగే."

"మరే, మరే" అన్నాడు బావ. నేను నోటుబుక్కు తీసి శ్రద్ధగా రాసుకున్నాను: ఇనుము అడుగున, చిట్టెం పైన. మూట నా కాళ్ళ దగ్గరే ఉంది. ఆ రాత తర్వాత చదువుకున్నప్పుడు నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపించింది.

మా రాళ్ళు చూపిస్తే పైడయ్య తల అడ్డంగా తిప్పాడు. "నా కాడికి వచ్చేసరికే ఇనుం కమ్మీ అయిపోయుంటాది. రాయిగా ఉన్నప్పుడు ఎలాగుంటాదో నాకేటి తెలుసు? కొండ కాడ దండాసి అని మన ఇచ్ఛాపురం మనిషి దుకాణం ఎట్టుకున్నాడు. అక్కడోళ్ళ బాసలన్నీ వచ్చు. ఆణ్ణట్టుకోండి" అన్నాడు. ఇనుము మధ్యలో ఇరవయ్యేళ్ళు బతికిన మనిషి ఇనుపరాయి చూడలేదు. నేను పన్నెండేళ్ళు పాఠం చెప్పీ చూడలేదు కాబట్టి నవ్వే హక్కు నాకు లేదు.

గురుమహిషాని

కొండకి పోయే బండి ఖాళీ వ్యాగన్ల బండి. దాని తోకకి రెండు పెట్టెలు మనుషుల కోసం తగిలిస్తారు. దిగేసరికి నా పంచె కావిరంగుకి తిరిగింది. అక్కడ అన్నీ ఎరుపే. ఇళ్ళ గోడలు, కోడిపెట్టలు, పిల్లల జుట్టు, చెట్ల ఆకులు. ఎరుపు ఎందుకని అడిగితే తుప్పు అన్నారు. కొండకి కొండే తుప్పు పట్టి ఉంది.

గని అంటే నూతిలాంటిదని నేను పిల్లలకి చెప్తూ వచ్చాను. నల్లబల్ల మీద బొమ్మ కూడా గీసేవాణ్ణి: కింద చీకటి, పైన దీపం, తాడు కట్టిన బొక్కెన. అక్కడ నుయ్యీ లేదు, దీపమూ లేదు. కొండని తలకాయ దగ్గర్నుంచి మెట్లు మెట్లుగా కోసుకుంటూ దిగుతున్నారు. మగవాళ్ళు గునపాలతో పొడిచి రాయి విడదీస్తారు. ఆడవాళ్ళు సుత్తులతో చిన్న ముక్కలు కొట్టి, మట్టీ మశానమూ ఏరి పారేసి, మంచి రాయిని తట్టలకెత్తుకుని తొట్టెబళ్ళలో పోస్తారు. మందు పేల్చే ముందు గంట కొడతారు. గంట విని అందరూ నెమ్మదిగా, సంతకి పోతున్నట్టు కబుర్లు చెప్పుకుంటూ పక్కకి తప్పుకుంటారు. నేనొక్కణ్ణే పరిగెత్తి బోర్లాపడి మోకాలు చెక్కుకున్నాను.

దుకాణంలో దొరికిన దండాసి నన్ను ఒక ఓవర్సీరుకి పరిచయం చేశాడు. ఒరియా పెద్దమనిషి, ఇంగ్లీషు వచ్చు. నేను జాగ్రఫీ మేష్టర్నని తెలిసి ముచ్చటపడి పై మెట్టు దాకా తీసుకెళ్ళాడు. నైరుతి వైపు వరసగా కనబడుతున్న కొండల్ని వేలుపెట్టి చూపించాడు. అది సులాయ్‌పత్, ఆ వెనకది బాదామ్‌పహాడ్. పడమటగా, కంటికి ఆనని చోట, నొవాముండీ, గువా. అక్కణ్ణుంచి దక్షిణానికి కియోంఝర్ కొండలు. బొగ్గు ఉత్తరాన ఝరియాలో. రాయి ఇటు నుంచీ బొగ్గు అటు నుంచీ వచ్చి మధ్యలో నది ఒడ్డున కలుసుకోవాలి కాబట్టి కార్ఖానా అక్కడ వెలిసిందట. నా మ్యాపులో అవన్నీ మూడు చుక్కలు. అక్కడ నిలబడి చూస్తే ఒక చుక్కని చుట్టి రావడానికే పూట పడుతుంది. పుస్తకంలో నాలుగు ముక్కలుగా ఉన్న పాఠం ఒక్క చూపులో అతుక్కున్న ఆనందం నేను చెప్పలేను. కాసేపు మూట సంగతే మర్చిపోయాను.

బావ మర్చిపోలేదు. మూట విప్పి రాయి తీసి ఓవర్సీరు చేతిలో పెట్టాడు. ఆయన తిప్పి చూసి, ఇలాంటిది తను ఈ కొండమీద చూడలేదనీ, ల్యాబొరేటరీకి పంపితే నెలా రెండు నెలల్లో తెలుస్తుందనీ అన్నాడు. ఏరువాకకి పది రోజులు కూడా లేదు.

అప్పుడు పక్కన రాయి ఏరుతున్న ఒక ఆడమనిషి లేచి వచ్చింది. సుమి అని పిలిచారు. నలభై ఏళ్ళుంటాయి, తల మీద గుడ్డ చుట్ట. అడక్కుండానే బావ రాయిని ఎడంచేతిలోకి తీసుకుంది. కుడిచేతిలోకి తన తట్టలోంచి అంతే పరిమాణం ఉన్న రాయి తీసుకుంది. రెండు చేతులూ ఒకసారి పైకీ కిందికీ ఆడించి, పకపకా నవ్వి ఏదో అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు.

"ఏటంటాది?" అన్నాడు బావ.

దండాసి కొంచెం మొహమాటపడ్డాడు. "నీ రాయి ఆకలితో ఉన్నాదంట బావా. లోపల ఏటీ నేదంట."

బావ ఆమె చేతుల్లోంచి రెండు రాళ్ళూ తీసుకుని తనూ తూచి చూశాడు. నేనూ తూచాను. తేడా ఉంది. నిండు చెంబుకీ వెలితి చెంబుకీ ఉన్నంత తేడా. రోజంతా తట్టలెత్తే చేతికి అది అర్ధనిమిషం పని. ఓవర్సీరు కూడా ఒప్పుకున్నాడు: తట్టలో తక్కువరకం రాయి పడితే ఎత్తగానే చెప్పేది వీళ్ళేనట.

"మరి అయస్కాంతం పట్టుకుంది కదా?" అని నేను గొణిగాను. దండాసి దాన్ని ఆమె భాషలోకి మార్చాడు. సుమి నన్ను జాలిగా చూసి, మా నాన్నని అడగండి, ఆయనకి తెలుస్తుంది అంది.

బుధు ఇంటి వెనక

సుమి పల్లె కొండకి రెండు కోసుల దూరం. సాలచెట్ల మధ్య నడక. అలికిన గోడలు, వాకిట్లో ఒక్క పుల్ల లేదు. మన పల్లెల్లో ముగ్గు వేస్తే వాళ్ళు గోడకి రంగుమట్టి పట్టీలు దిద్దుతారు. సాలాకు దొన్నెల్లో హండియా పోశారు, బియ్యంతో పులియబెట్టిన కల్లు. నేను మేష్టర్ని కాబట్టి వాసన చూసి ఊరుకున్నాను. బావ మేష్టరు కాదు కాబట్టి రెండు దొన్నెలు తాగి, మన జీలుగుకల్లు దీనికంటే మేలని తీర్పిచ్చాడు.

సుమి తండ్రి బుధుకి ఎనభై దాటి ఉంటాయి. కళ్ళు మసక. పిక్కలు మాత్రం ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. వయసులో ఉండగా మట్టికొలిమి కట్టి, రాయీ సాలబొగ్గూ పోసి, రెండు తిత్తుల మీద నిలబడి కాళ్ళతో తొక్కి ఇనుము తీసేవాడట. పొద్దున్న మొదలుపెడితే సాయంత్రానికి ఒక్క ముద్ద. బజారు ఇనుము చవకైపోయింది, అడవిలో బొగ్గు కాల్చనివ్వడం లేదు, అందుకని మానేశారు.

బావ రాయి చేతికివ్వగానే ఆయన కళ్ళతో చూడలేదు. బొటనవేలితో పైన తడిమాడు. వాసన చూశాడు. సుత్తి అడిగి పుచ్చుకుని ఒక్క దెబ్బతో పగలగొట్టాడు. లోపల చిన్న చిన్న బుడగల గుంటలు. ఒక పక్కన చిక్కటి పాకం జారి గడ్డకట్టినట్టు ముడతలు. ఇంకో పక్క బొగ్గు ముక్క ఒత్తుకున్న అచ్చు, కర్ర నార గీతలతో సహా. నా చేతిలో నాలుగు నెలలుంది ఆ రాయి. ఇవేవీ నేను చూడలేదు.

బుధు లేచి కర్ర పట్టుకుని ఇంటి వెనక్కి నడిచాడు. మేం వెనకాలే వెళ్ళాం. కూలిపోయిన కొలిమి మొండెం ఒకటి, దాని పక్కన నడుమెత్తు కుప్ప. కుప్పనిండా మా రాళ్ళే. అదే నలుపు, అవే ముడతలు. చిలకమ్మ మెట్ట అక్కడికి నడిచొచ్చినట్టుంది.

బుధు మాటల్ని దండాసి తెలుగులో చెప్పాడు. "ఇది ఇనుమున్న రాయి కాదంట. ఇనుం తీసేసినాక మిగిలినది. చిట్టెం. మా పెద్దోళ్ళవి, మావీ ఇవేనంటన్నాడు. ఎంత తొక్కినా సివరి బొట్టు దాకా రాదంట. ఏదో కొంచెం లోపల ఉండిపోద్ది. మేష్టరుగారి అయస్కాంతం అట్టుకున్నది దాన్నే."

బావ కుప్ప ముందు గొంతుక్కూచుని ఒక రాయి తీశాడు, పడేశాడు, ఇంకొకటి తీశాడు. కాసేపటికి మెల్లగా అన్నాడు: "పిప్పి."

"ఏటి బావా?" అన్నాడు దండాసి.

"పిప్పి! సెరుకు పిప్పి! గానుగలోంచి వచ్చిన పిప్పిని నాకితే ఇంకా తియ్యగానే ఉంటాది. అలాగని పిప్పి కుప్ప సూసి ఎవడైనా అది సెరుకు తోటని కొంటాడేటి? పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచి సెరుకాడుతున్నాను. పిప్పిని పోల్చుకోనేకపోయేను మేష్టరూ!"

దండాసి అది చెప్తే బుధు పళ్ళులేని నోటితో నవ్వాడు. తర్వాత నావైపు తిరిగి ఒక ప్రశ్న వేశాడు. మీ కొండ దగ్గర ఇనుము తీసినవాళ్ళెవరు? వాళ్ళింకా ఉన్నారా?

నాకు చిలకమ్మ మాట చెవుల్లో గింగురుమంది. మా పెద్దోళ్ళు ఎప్పుడో తీసేసుకున్నారు. అంత స్పష్టంగా చెప్పింది. నేను నవ్వాను. ఆవిడకి అక్షరం రాదని నవ్వాను, నా దగ్గర అయస్కాంతం ఉందని నవ్వాను. దండాసితో "ఉన్నారు" అని మాత్రం చెప్పమన్నాను.

బావ మూట బోర్లించి మిగిలిన రాళ్ళు ఆ కుప్పలో పోసేశాడు. పడిన వెంటనే ఏవి మావో ఏవి వాళ్ళవో తెలియలేదు. నేను మాత్రం పగిలిన రాయిలో బొగ్గు అచ్చున్న చెక్క ఏరి జేబులో వేసుకున్నాను.

తిరుగు బండి

వచ్చేటప్పుడు మూట లేదు. ఖరగ్‌పూర్‌లో గవరమ్మ "రాళ్ళేవీ?" అని అడిగితే "అక్కడే అమ్ముడయిపోనాయి" అన్నాడు బావ. చిలికా వచ్చాక, తాను దండగమారి పని చేశానా అని నన్నే అడిగాడు. రెండెకరాలు పోయేవి కదా అన్నాను. "నువ్వే కదా సెప్పినావు" అన్నాడు. తిట్టినట్టు కాదు, నిజం చెప్పినట్టు అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది. తుని కొండలు ఎటుంటాయని బండిలో ఎవరో అడిగితే చెప్పడానికి కూడా నాకు ఆ రోజు ధైర్యం చాలలేదు.

చీడికాడ

అక్క వాకిట్లోనే ఎదురైంది. కాళ్ళు కడుక్కోకుండానే చెప్పేశాను. "అక్కా, అది ఇనుము కాదు. నేను చెప్పింది తప్పు."

అక్క "అయితే మడి ఉన్నాదన్నమాట" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నాలుగు నెలలు ఏడవనిది అప్పుడేడ్చింది. బావ గడప మీద చెప్పులు విడిచి, పార తీసుకుని, అన్నం కూడా తినకుండా చెరుక్కి నీళ్ళు కట్టడానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ముగ్గురం చిలకమ్మ దగ్గరికి వెళ్ళాం, మెట్ట కొనడం లేదని చెప్పడానికి. ఆవిడ ఏమీ బాధపడలేదు. అక్క ఆగలేక "నువ్వు ముందే సెప్పొచ్చు కదా పిన్నీ?" అంది.

"సెప్పేను. ఈ బాబు నవ్వేడు" అంది చిలకమ్మ.

అక్క నావైపు తిరిగి చూసిన చూపు ఇక్కడ రాయను. జేబులోంచి బొగ్గు అచ్చున్న చెక్క తీసి ముసలావిడ చేతిలో పెట్టాను. ఎలా తీసేవారు, ఎవరు తొక్కేవారు, రాయి ఎక్కడ దొరికేది, అన్నీ అడిగాను. రాయి పైకొండ నుంచి కావిళ్ళతో దించేవారట. తిత్తులు తొక్కేది తాతా, మేనమామా. ఆడవాళ్ళు బొగ్గు మోసేవారు. ఆవిడ పిల్లగా ఉండగానే అది ఆగిపోయింది. చెప్తూ చెప్తూ లేచి, చూరులోంచి ఒక గొడ్డలి లాగి తెచ్చింది. నూరీ నూరీ సగానికి అరిగిపోయి మామిడాకంత మిగిలింది. "మా తాత తీసిన ఇనుం. నువ్వెతుకుతున్నది ఇదే బాబూ. ఇప్పటికీ కట్టెలు నరుకుతాది" అంది. బావ దాన్ని తీసుకుని అంచు మీద వేలు పెట్టి చూసి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

బడి తెరవడానికి ఇంకా వారం ఉంది. తెరిచిన రోజునే, అయస్కాంతానికి చప్పట్లు కొట్టిన ఆ క్లాసులోకి ఆవిణ్ణి తీసుకెళ్ళాలని నా కోరిక. సంతకి ఎలాగూ దిగుతుంది, బావ బండి కడతానన్నాడు. మా పిల్లలకి వచ్చి ఇదంతా చెప్తావా అని అడిగాను. చిలకమ్మ గొడ్డలి మళ్ళీ చూరులో దోపుతూ ఆలోచించింది.

"వత్తాను గానీ, అక్కడెవరూ నవ్వరు కదా బాబూ?" అంది.

"నవ్వరమ్మా. ముందు నేను నవ్వి ఏం చేశానో చెప్పి, అప్పుడు నిన్ను నా కుర్చీలో కూచోబెడతాను" అన్నాను.